‘మార్కెట్ నిర్ణయిస్తుంది’ అన్నప్పుడు మనం ఏం అడగాలి?

(గ్రామీణ మహిళా సంఘాల కార్యకర్తల శిక్షణా తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



ఈ తరగతులకి నన్ను పిలిచినప్పుడు నిర్వాహకులు ఒక షరతు పెట్టారు. ప్రపంచీకరణ గురించీ, బడ్జెట్ గురించీ ఇప్పటికే చాలామంది మాట్లాడారు, నువ్వు మాత్రం యూనివర్సిటీలో మొదటి సంవత్సరం చదివిన పాఠాల గురించే చెప్పాలి అన్నారు. దాన్ని పుస్తకాల్లో సూక్ష్మ అర్థశాస్త్రం అంటారు. ఒక మనిషి ఏ వస్తువు ఎంత కొంటుంది, వ్యాపారి ఎంతకి అమ్ముతాడు, రోజు కూలి ఎలా నిర్ణయమవుతుంది - ఇలాంటి చిన్న లెక్కల శాస్త్రం అది. నేను ఎనిమిదేళ్లు సంఘంలో పనిచేసిన తర్వాత, ఇద్దరు పిల్లల తల్లినయ్యాక, డిగ్రీలో చేరి దాన్ని చదువుకున్నాను.

ఎందుకు చదవాలనిపించిందో ముందు చెబుతాను. కూలి రేట్ల గురించి మాట్లాడడానికి వెళ్లిన ప్రతిచోటా మాకు ఒకే మాట ఎదురయ్యేది. భూమి ఉన్నవాళ్లూ అదే అనేవాళ్లు, ఆఫీసర్లూ అదే అనేవాళ్లు: “అది మా చేతిలో లేదమ్మా, మార్కెట్ నిర్ణయిస్తుంది.” ఆ మాటతో మా నోళ్లు మూతపడేవి. న్యాయం గురించి మేం మాట్లాడగలం. చట్టం గురించి మాట్లాడగలం. మార్కెట్ అనేసరికి మాత్రం అది వానా ఎండా లాంటిదనీ, మనుషులెవరూ చేసింది కాదనీ అనిపించేది. ఆ మాట వెనక నిజంగా ఏముందో తెలుసుకోవాలని చేరాను.

ఇవాళ నేను చెప్పదలచుకున్నవి రెండే విషయాలు. ఆ మొదటి పాఠాల్లో మనకు పనికొచ్చే పనిముట్లు ఉన్నాయి, వాటిని అవతలివాళ్లకి వదిలెయ్యకూడదు. రెండోది, ఆ శాస్త్రం మన ఇంటి గుమ్మం దాకా వచ్చి ఆగిపోతుంది. అక్కడినుంచి లోపలికి దాన్ని తీసుకుపోవలసింది మనమే.

ధర చెప్పకుండా కొరత లేదు

మొదటి పాఠంలో ఒక బొమ్మ గీస్తారు. రెండు గీతలు ఒకదాన్నొకటి దాటుతుంటాయి. ఒకటి డిమాండ్, రెండోది సప్లయి. 1890లో అచ్చయిన తన పుస్తకంలో ఆల్ఫ్రెడ్ మార్షల్ అనే ఇంగ్లండు ఆచార్యుడు వీటిని కత్తెర రెండు అంచులతో పోల్చాడు. కాగితాన్ని పై అంచు కోసిందా, కింది అంచు కోసిందా అని అడగడం ఎంత అర్థం లేనిదో, ధరని కొనేవాళ్లు నిర్ణయించారా, అమ్మేవాళ్లు నిర్ణయించారా అని అడగడమూ అంతే అన్నాడు.

ఈ బొమ్మ నేర్పే మొదటి సంగతి ఏమిటంటే, ‘కొరత’ అనే మాటకి ధర చెప్పకుండా అర్థం లేదు. ఫలానా ధరకి కొరత అనాలి. ధర పెరిగితే ఆ కొరత తీరిపోవచ్చు.

ఇప్పుడు మన ఊళ్లకి రండి. 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ఉపాధి హామీ పథకం మొదలైంది. ఆ తర్వాత కొన్నేళ్లకే “కూలీలు దొరకడం లేదు” అనే మాట ఊరూరా వినిపించింది. సీజన్‌లో పనులు ఆపెయ్యమన్నారు. కూలివాళ్లకి బద్ధకం పెరిగిపోయిందన్నారు. నేను చదివిన పాఠం ప్రకారం ఆ మాటకి ఒక్కటే ప్రశ్న: ఎంత కూలికి దొరకడం లేదు? బజారులో టమాటాలు దొరకకపోతే టమాటాలకి బద్ధకం వచ్చిందని ఎవరూ అనరు. రేటు పెరిగిందంటారు, పెరిగిన రేటు పెట్టి కొంటారు. కూలిమనిషి దొరకనప్పుడు మాత్రం రేటు సంగతి పక్కన పెట్టి ఆమె గుణం గురించి మాట్లాడతారు. మార్కెట్ నిర్ణయిస్తుందని చెప్పినవాళ్లే, మార్కెట్ మనవైపు కాస్త మొగ్గగానే ప్రభుత్వాన్ని అడ్డుపడమన్నారు.

దీనిలో ఇంకో పాఠం కూడా ఉంది. దాన్ని అవకాశ వ్యయం అంటారు. ఒక పని ఎంచుకుంటే వదులుకోవలసి వచ్చే మరో పని విలువ అన్నమాట. ఉపాధి పనిలో ఆడవాళ్లకీ మగవాళ్లకీ ఒకే రేటు. నాట్లకీ కలుపుకీ పోయే ఆడమనిషికి అప్పటిదాకా రెండో చోటు లేదు. రెండో చోటు కనిపించాక మొదటి చోట బేరం ఆడగలిగింది. ఆమె బలం పెరగడానికి కారణం అదే.

న్యాయంగా మరో మాట కూడా చెప్పాలి. రెండెకరాల రైతుకి పంట ధర తన చేతిలో ఉండదు. పెరిగిన కూలి ఎక్కడినుంచి తేవాలో ఆ కుటుంబానికీ తెలియదు. ఆ రెండెకరాల్లో చాకిరీ చేసేదీ ఆడమనిషే. అందుకని కూలి గురించి అడిగేటప్పుడు పంట ధర గురించి కూడా అడగాలి. ఒక గీతను చూసి రెండో గీతను మరిచిపోతే కత్తెర తెగదు.

సారా డబ్బు ఎవరిది?

రెండో పాఠం డిమాండ్ వ్యాకోచత్వం. పేరుకి భయపడకండి. ధర పెరిగితే కొనడం ఎంత తగ్గుతుంది అనేదే దాని అర్థం. మల్లెపూల ధర రెట్టింపైతే మానేస్తాం. ఉప్పు ధర రెట్టింపైనా కొంటాం. అలవాటు పడ్డ మనిషి సారా విషయంలో ఉప్పులాగే ప్రవర్తిస్తాడు. ధర పెంచినా తాగడం పెద్దగా తగ్గదు, కాబట్టి అమ్మేవాడి చేతికి వచ్చే మొత్తం పెరుగుతుంది. ప్రభుత్వాలు మద్యం మీద, పొగాకు మీద పన్నులు వెయ్యడానికి ఎందుకంత ఇష్టపడతాయో ఈ ఒక్క పాఠం చదివితే తెలిసిపోతుంది.

2020 మే నెలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మద్యం ధరల్ని 75 శాతం పెంచింది. తాగుడు మాన్పించడానికే పెంచామంది. ఏ ప్రభుత్వం ఎప్పుడు ఈ మాట చెప్పినా మనం అడగవలసినవి రెండు లెక్కలు: అమ్మిన సీసాలు ఎన్ని తగ్గాయి? ఖజానాకి వచ్చిన డబ్బు తగ్గిందా, పెరిగిందా? సీసాలు కొంచెమే తగ్గి డబ్బు బాగా పెరిగితే, ఆ పెంపు తాగుడు మాన్పించలేదు, తాగేవాడి ఇంటినుంచి మరింత డబ్బు లాగింది.

ఇక్కడే పుస్తకం చెప్పనిది ఒకటుంది. వ్యాకోచత్వం తక్కువగా ఉన్న వస్తువు మీద పన్ను వేస్తే భారం ఎక్కువగా వినియోగదారుడి మీద పడుతుందని రాసి ఉంటుంది. ఎవరీ వినియోగదారుడు? తాగినవాడా? తాగినవాడు పెరిగిన ధర పెట్టి తన గ్లాసు తాను తాగాడు. తగ్గింది ఇంట్లో బియ్యం. మానింది పిల్లవాడి ట్యూషను. పోయింది భార్య నాట్లు వేసి తెచ్చిన కూలి. పన్ను భారం మోసిన మనిషి ఆ బొమ్మలో ఎక్కడా లేదు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు ఈ పాఠం చదవలేదు. వాళ్లు చదివింది అక్షరాస్యతా ఉద్యమం ఇచ్చిన వాచకం. అందులో సారాని ఎదిరించిన స్త్రీల గురించిన పాఠం వాళ్లని కదిలించింది. కదిలి దుకాణం మూయించారు. సారా ఆదాయం లేకపోతే ప్రభుత్వం ఎలా నడుస్తుందని పెద్దలు అడిగితే, ఆ ఆదాయం మా ఇళ్లలోనుంచే వస్తోందని వాళ్లు జవాబు చెప్పారు. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం వచ్చింది. 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో దాన్ని సడలించారు. ఖజానా లెక్క మళ్లీ గెలిచింది. ఆ లెక్కలో ఇంటి లెక్క కూడా కలపమని మనం ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాం.

కొనేవాడు ఒక్కడే ఉన్న చోట

మూడో పాఠం పోటీ గురించి. మొదటి అధ్యాయాల్లోని మార్కెట్‌లో కొనేవాళ్లు లెక్కలేనంతమంది, అమ్మేవాళ్లు లెక్కలేనంతమంది. దాన్ని సంపూర్ణ పోటీ అంటారు. అలాంటి చోట కనీస వేతనం పెడితే ఉద్యోగాలు పోతాయని పుస్తకం చెబుతుంది. అధికారులు మనకి అప్పజెప్పేది ఈ అధ్యాయమే.

పుస్తకాన్ని అక్కడే మూసెయ్యకుండా ముందుకు తిప్పితే జోన్ రాబిన్సన్ కనిపిస్తారు. కేంబ్రిడ్జిలో పనిచేసిన ఈమె 1933లో ‘అసంపూర్ణ పోటీ అర్థశాస్త్రం’ అనే పుస్తకం రాశారు. అమ్మేవాడు ఒక్కడే ఉంటే ధర పెంచుతాడని అందరికీ తెలుసు. కొనేవాడు ఒక్కడే ఉంటే ఏమవుతుందని ఆమె అడిగారు. శ్రమని కొనేవాడు ఒక్కడే అయితే, ఆ శ్రమ తెచ్చిపెట్టే విలువ కంటే తక్కువ కూలి ఇస్తాడని చూపించారు. అలాంటి చోట చట్టం కూలి పెంచితే పని తగ్గనక్కర్లేదు, పెరగొచ్చు కూడా.

నిజామాబాద్, కరీంనగర్ జిల్లాల్లో బీడీలు చుట్టే స్త్రీల దగ్గరికి వెళ్లండి. తునికాకూ తంబాకూ ఇచ్చేది ఒకే కార్ఖానా మనిషి. చుట్టిన బీడీలు తీసుకునేదీ అతనే. వెయ్యి బీడీలకి ఇంత అని కూలి. బాగాలేవని పక్కన పడేసిన బీడీలకి కూలి లేదు. పక్క ఊరికి పోయి ఇంకొకరి దగ్గర పని అడగడానికి ఆమెకి బస్సు ఛార్జీ లేదు, చంటిపిల్లని చూసేవాళ్లు లేరు, మగవాళ్లు ఒప్పుకోరు. కాగితం మీద ఆ జిల్లాలో పది కంపెనీలు ఉండొచ్చు. ఆమెకి మాత్రం కొనేవాడు ఒక్కడే. పితృస్వామ్యం ఆమె కాళ్లకి వేసిన బంధమే ఆ కంపెనీకి లాభం. ఇంటికీ మార్కెట్‌కీ సంబంధం లేదనేవాళ్లకి ఇది చూపించాలి.

అమెరికాలో 1992 ఏప్రిల్‌లో న్యూజెర్సీ రాష్ట్రం గంటకి కనీస వేతనం 4.25 డాలర్ల నుంచి 5.05 డాలర్లకి పెంచింది. పక్కనున్న పెన్సిల్వేనియా పెంచలేదు. డేవిడ్ కార్డ్, అలన్ క్రూగర్ అనే ఇద్దరు సరిహద్దుకి రెండువైపులా 410 హోటళ్లని పరిశీలించి, పెంచిన చోట ఉద్యోగాలు తగ్గలేదని 1994లో ప్రకటించారు. దీనిమీద వాదోపవాదాలు చాలా జరిగాయి. 2021లో కార్డ్‌కి నోబెల్ బహుమతి వచ్చింది. క్రూగర్ అప్పటికే, 2019లో, చనిపోయారు. ఎక్కడ ఎంత పెంచినా పని తగ్గదని ఈ పరిశోధన అనలేదు. పెంచితే పని పోయి తీరుతుందని కళ్లు మూసుకుని చెప్పడం కుదరదంది. మనకి అంత చాలు. ఇకమీదట ఎవరైనా “కూలి పెంచితే మీకే నష్టం” అంటే, ఈ ఊళ్లో పని ఇచ్చేవాళ్లు ఎంతమంది అని అడగండి.

గుమ్మం దగ్గర ఆగిన శాస్త్రం

ఇప్పటిదాకా చెప్పినవి శాస్త్రం మనకి ఇచ్చినవి. ఇవ్వనిది ఇప్పుడు చెబుతాను.

శ్రమ సప్లయి అనే పాఠంలో రోజుకి 24 గంటలు అని మొదలుపెడతారు. ఆ 24 గంటల్ని మనిషి రెండు భాగాలు చేస్తాడట. ఒకటి కూలి వచ్చే పని, రెండోది విశ్రాంతి. కూలి పెరిగితే విశ్రాంతి తగ్గించుకుని పని చేస్తాడు, ఇంకా పెరిగితే పని తగ్గించుకుని విశ్రాంతి తీసుకుంటాడు అని గీత గీసి చూపిస్తారు. నాతోపాటు ఆ తరగతిలో పెళ్లైన ఆడవాళ్లం నలుగురం ఉండేవాళ్లం. పొద్దున నాలుగున్నరకి లేచి నీళ్లు పట్టి, వంట చేసి, అత్తగారికి మందులిచ్చి, పిల్లల్ని బడికి పంపి వచ్చినవాళ్లం. ఇవి ఈ రెండింటిలో ఎందులోకి వస్తాయండీ అని అడిగాను. కూలి రాదు కాబట్టి విశ్రాంతిలోకే వస్తాయి, అయినా ఇది పరీక్షలో రాదు అన్నారు మా లెక్చరర్ గారు. తరగతి నవ్వింది. మా నలుగురికీ నవ్వు రాలేదు.

మనదేశంలో ప్రభుత్వమే 2024లో చేసిన సమయ వినియోగ సర్వే ప్రకారం, ఇంటిపని చేసే స్త్రీలు రోజుకి సగటున 289 నిమిషాలు దానికి వెచ్చిస్తున్నారు. ఇంటిపని చేసే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలు. 2019 సర్వేలో ఇవి 299, 97. ఐదేళ్లలో స్త్రీలకి పది నిమిషాలు తగ్గాయి. మగవాళ్లకి తొమ్మిది నిమిషాలు తగ్గాయి. దాదాపు ఐదు గంటల పనిని విశ్రాంతి అని పిలిచే శాస్త్రానికి లెక్కలు వచ్చని ఎలా అనుకోవాలి?

పెద్దలకి ఈ సంగతి తెలియక కాదు. పీగూ అనే ఆచార్యుడు 1920లోనే ఒక చిక్కు గురించి రాశాడు. ఒక మగవాడు జీతానికి పెట్టుకున్న వంటమనిషిని పెళ్లాడితే జాతీయాదాయం తగ్గిపోతుంది. వంట అదే, పొయ్యి అదే, జీతం మాత్రం ఆగిపోయింది. చిక్కును గమనించాక కూడా లెక్కను అలాగే ఉంచారు. 1965లో గేరీ బెకర్ ఇంటిలోని సమయాన్ని శాస్త్రంలోకి తెచ్చాడు. కానీ ఆయన కుటుంబంలో అందరి మేలూ కోరే ఒక పెద్ద ఉంటాడు, ఆయన మంచితనంతో అన్నీ సర్దుకుంటాయి. అలాంటి పెద్ద ఎన్ని ఇళ్లలో ఉన్నాడో మన సంఘాలకి వచ్చే కేసులే చెబుతాయి.

కుటుంబం అంటే ఒకే కోరిక ఉన్న ఒకే మనిషి కాదని అమర్త్యసేన్ రాశారు. అందులో సహకారమూ ఉంటుంది, సంఘర్షణా ఉంటుంది. బేరం చెడితే ఎవరి పరిస్థితి ఎంత అధ్వాన్నమవుతుందో, దాన్నిబట్టి ఇంట్లో ఎవరి మాట చెల్లుతుందో తేలుతుంది. దీనికి రుజువు కూడా ఉంది. 1970ల చివర్లో బ్రిటన్‌లో పిల్లల కోసం ఇచ్చే రాయితీని తండ్రి జీతంలో కలపడం మానేసి తల్లి చేతికి ఇవ్వడం మొదలుపెట్టారు. కుటుంబం ఒకే జేబు అయితే ఏ చేతికి ఇచ్చినా తేడా ఉండకూడదు. మగవాళ్ల బట్టల మీద పెట్టే ఖర్చుతో పోలిస్తే ఆడవాళ్ల బట్టల మీదా, పిల్లల బట్టల మీదా పెట్టే ఖర్చు పెరిగిందని 1997లో అచ్చయిన ఒక పరిశోధన తేల్చింది.

బీనా అగర్వాల్ 1994లో రాసిన పుస్తకంలో ఈ బేరాన్ని భూమి దగ్గరికి తెచ్చారు. తన పేరున భూమి ఉన్న స్త్రీకి ఇంట్లోనూ బయటా మాట ఉంటుందన్నారు. ఉమ్మడి ఆస్తిలో కూతురికి సమాన వాటా ఇచ్చే చట్టం మన ఆంధ్రప్రదేశ్‌లో 1985 సెప్టెంబరు నుంచే అమలయ్యేలా వచ్చింది. దేశమంతటికీ రావడానికి 2005 దాకా పట్టింది. చట్టం వచ్చినా “అన్నదమ్ములతో తగువు ఎందుకు” అని వాటా వదులుకున్న ఆడపిల్లలు మనకి తెలుసు. పుట్టింటి తలుపు మూసుకుపోతుందనే భయం కూడా ఒక ధరే. దాన్ని ఆమె కడుతోంది, ఎవరి లెక్కలోనూ రాకుండా.

ఈ శాస్త్రం ఎవరు రాశారు

కత్తెర గురించి చెప్పిన మార్షల్‌కి మేరీ పేలీ అనే భార్య ఉన్నారు. 1874లో కేంబ్రిడ్జి పరీక్ష రాసిన మొదటి స్త్రీలలో ఆమె ఒకరు. స్త్రీ కాబట్టి డిగ్రీ ఇవ్వలేదు. 1879లో భార్యాభర్తలిద్దరూ కలిసి ఒక అర్థశాస్త్రం పుస్తకం రాశారు. స్త్రీలకి డిగ్రీలు ఇవ్వాలా వద్దా అని 1890లలో కేంబ్రిడ్జిలో చర్చ వచ్చినప్పుడు మార్షల్ వద్దన్నవాళ్ల పక్షాన నిలిచాడు. కేంబ్రిడ్జి స్త్రీలకి పూర్తి డిగ్రీలు ఇచ్చింది 1948లో. మేరీ 1944లోనే చనిపోయారు. జోన్ రాబిన్సన్‌కి నోబెల్ రానేలేదు. అర్థశాస్త్రంలో ఆ బహుమతి పొందిన మొదటి స్త్రీ ఎలినోర్ ఆస్ట్రమ్, అదీ 2009లో. 2019లో ఎస్తర్ డుఫ్లో, 2023లో క్లాడియా గోల్డిన్ ఆమె వెనక వచ్చారు. గోల్డిన్‌కి ఆ బహుమతి తెచ్చిన పరిశోధన ఆడవాళ్ల పనీ, జీతమూ గురించే.

ఈ సంగతులు ఎందుకు చెబుతున్నానంటే, గుమ్మం దగ్గర శాస్త్రం ఆగిపోవడం ఊరికే జరగలేదు. గుమ్మం లోపల ఉన్నవాళ్లని తరగతి గదిలోకి రానివ్వలేదు. వచ్చినవాళ్లు అడిగినవి పరీక్షలో రావన్నారు.

మనం చేయగలిగింది

మీరందరూ డిగ్రీలో చేరాలని నేను అనను. చేరగలిగినవాళ్లు చేరండి. తెలుగులో పుస్తకాలున్నాయి. వ్యాకోచత్వం, ఉపాంతం, సమతౌల్యం లాంటి మాటలు మొదట కొరుకుడు పడవు. పక్కన మన ఊరి ఉదాహరణ ఒకటి రాసుకుంటే పడతాయి.

అందరూ చేయగలిగింది ఒకటుంది. వచ్చే మూడు నెలల్లో మీ సంఘంలో మూడు సాయంత్రాలు దీనికి కేటాయించండి. మొదటి సాయంత్రం ఊళ్లో కూలి రేట్లు రాయండి: ఏ పనికి మగవాళ్లకి ఎంత, ఆడవాళ్లకి ఎంత, పని ఇచ్చేవాళ్లు ఎంతమంది. రెండో సాయంత్రం ఊళ్లో బెల్టు షాపుకి రోజుకి ఎంత పోతోందో, అది ఎవరి కూలిలోనుంచి పోతోందో రాయండి. మూడో సాయంత్రం ప్రతి ఒక్కరూ తమ 24 గంటలు రాయండి, ఎందులో ఎన్ని నిమిషాలో. చదువు రానివాళ్లు చెబితే వచ్చినవాళ్లు రాయండి.

ఆ మూడు కాగితాలూ దగ్గర పెట్టుకుని తర్వాత కూలి చర్చలకి వెళ్లండి. “మార్కెట్ నిర్ణయిస్తుంది” అని ఎవరైనా అన్నప్పుడు, ఆ మార్కెట్‌లో కొనేవాళ్లు ఎవరు, అమ్మేవాళ్లు ఎవరు, లెక్కలో రానివాళ్లు ఎవరు అని పేరుపేరునా అడగండి. జవాబు చెప్పవలసింది అప్పుడు వాళ్లు.